అత్త ఫోనూ, ప్యాసింజరు బండిలో వాక్యమూ

గోరంట్లలో మా పుట్టింట్లో బైబిలు షోకేసులో ఉండేది. ఒక పక్క ప్లాస్టిక్ పూలు, ఇంకో పక్క మా నాయన వాలీబాల్ ఆడి గెలిచిన కప్పు, మధ్యలో తెల్ల టవల్లో చుట్టిన బైబిలు. క్రిస్మస్‌కు ముందు ఇంటికి సున్నం కొట్టేటప్పుడు దాన్ని తీసి, దుమ్ము దులిపి, టవల్ ఉతికి, మళ్లీ చుట్టి పెట్టేవాళ్లం. భక్తి లేక కాదు. అంత పెద్ద పుస్తకాన్ని ఊరికే తెరిచి చూడటం మర్యాద కాదేమో అన్నట్టు ఉండేవాళ్లం. పండగలకు చర్చికి పోయేవాళ్లం, కానుక వేసేవాళ్లం, వచ్చి కోడికూర తినేవాళ్లం. నాకు తెలిసిన క్రైస్తవ జీవితం అంతే.

పెళ్లయి హిందూపురం వచ్చిన రెండో రోజు పొద్దున్నే మా అత్త నా చేతికి బైబిలు ఇచ్చింది. నేను కాఫీ గ్లాసు వస్తుందని చెయ్యి చాపాను.

అత్తకు చదువు రాదు. పెళ్లికి ముందూ తరువాతా శెనక్కాయ చేలల్లో కూలికి పోయిన మనిషి. ఎడమ చెవి సరిగా వినపడదు. కుడి చెవి మాత్రం పక్కింటివాళ్లు గుసగుసగా పోట్లాడుకున్నా వదిలిపెట్టదు. మామ బతికున్నన్నాళ్లూ ఆమెకు రోజూ ఒక అధ్యాయం చదివి వినిపించేవాడట. ఆయన పోయాక ఆ పని కొడుకు మీద పడింది. మా ఆయన చదివితే బస్సు కండక్టరు ఊళ్ల పేర్లు అరిచినట్టు ఉంటుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో తెలియదు. అందుకే కోడలు వస్తుందని అత్త ఎంతో ఆశతో ఎదురు చూసిందట. కట్నం గురించి అడగలేదు, వంట వస్తుందా అని అడగలేదు. పెళ్లిచూపుల్లో నన్ను అడిగింది ఒక్కటే, గట్టిగా చదవగలవా అని. ఉద్యోగం గురించి అడుగుతోందనుకుని, చదవగలను అన్నాను.

ఆ ఇంట్లో రెండు నియమాలు ఉండేవి. మొదటిది, వాక్యం, అంటే బైబిలు చదవడం, అయ్యాకే కాఫీ. రెండోది, వాక్యం తరువాత ఇంట్లో ప్రతి మనిషీ దేవునికి ఒక స్తోత్రం చెప్పాలి, అది నిన్న చెప్పింది కాకూడదు.

మొదటి నియమం కంటే రెండోదే కష్టం. తిండికి, బట్టకు, ఆరోగ్యానికి స్తోత్రం చెప్పడం వారంలో అయిపోతుంది. తరువాత ఏం చెప్పాలో తెలియక కాఫీ వాసన వస్తుంటే తల గోక్కుంటూ కూర్చునేవాళ్లం. మా ఆయన పెళ్లికి ముందు చాలాకాలం మంచి నిద్ర ఇచ్చినందుకు స్తోత్రం అని నెట్టుకొచ్చాడట.

"నిద్రకు నిన్ననే చెప్పినావు గదా. సద్దికూడు పెడతావా దేవునికి?" అని అత్త ఆపేసిందట.

దాంతో ఆయన వెతుక్కోవడం మొదలుపెట్టాడు. కొళాయి నీళ్లు వచ్చినందుకు, రాకపోతే ట్యాంకరు వచ్చినందుకు, ట్యాంకరు రాకపోతే పక్కింటివాళ్లకు కూడా రానందుకు. ఈ చివరి దానికి అత్త ఒప్పుకోలేదు. ఒకరోజు కరెంటు పోయినందుకు స్తోత్రం చెప్పాడు. ఎదురింటి టీవీ ఆగిపోయింది కాబట్టి నిజంగానే సంతోషంగా ఉందన్నాడు. అత్త చాలాసేపు ఆలోచించి దాన్ని ఒప్పుకుంది.

నేను చదివేది గోడ గడియారాన్ని చూస్తూ. ధర్మవరంలో ఒక ఆఫీసులో నాకు గుమాస్తా ఉద్యోగం. పొద్దున ప్యాసింజరు బండి తప్పితే ఆ రోజు సెలవు చీటీ రాసుకోవాల్సిందే. అధ్యాయం చిన్నదైతే దేవుడు మంచివాడనిపించేది. పెద్దదైతే గొంతులో వేగం పెరిగేది. అన్నిటికంటే కష్టమైనవి పేర్ల జాబితాలు. ఫలానా వాని కొడుకు ఫలానా వాడు, వాని కొడుకు ఇంకో ఫలానా వాడు. నాలుక మెలి తిరిగిపోయేది. ఇవి వదిలేద్దామా అత్తా, కథ లేదు కదా అన్నాను ఒకసారి.

"వదలద్దు," అంది అత్త. "పాపం, వాళ్లను ఏడాదికొకసారైనా ఎవరో ఒకరు పిలవాల గదా."

ఆమెకు మాత్రం ఆ పేర్లేవీ నిలవవు. ఆమెకు ఎవరైనా పనిని బట్టే గుర్తు. ఓడ కట్టిన ముసలాయన, చేప కడుపులో పడుకున్నాయన, ముసలితనంలో బిడ్డను కని నవ్వినామె. అందరూ ఏదో పక్క వీధిలో ఉన్నట్టు మాట్లాడేది. ముసలితనంలో కన్నామె గురించి చదివిన రోజు, ఆ వయసులో నడుం నొప్పి ఎట్ల తట్టుకునిందో అని మధ్యాహ్నం దాకా బాధపడింది.

ఇట్లా రెండేళ్లు గడిచాయి. నాకు దేవుడంటే అప్పటికీ పొద్దున్నే ఒక పనే. పాలు కాచడం, క్యారియరు సర్దుకోవడం, వాక్యం చదవడం.

అప్పుడు పెనుకొండలో ఉన్న మా ఆడబిడ్డ, తడి గుడ్డ పెట్టి తుడిచిన నేల మీదే జారి పడి కాలు విరగ్గొట్టుకుంది. ఆమె భర్త లారీ డ్రైవరు, వారాల తరబడి ఊర్లో ఉండడు. అత్త చీరలు సంచిలో పెట్టుకుని కూతురికి వండి పెట్టడానికి పెనుకొండ పోయింది. బస్సు ఎక్కించి ఇంటికి వస్తుంటే నాకు ఆడబిడ్డ కాలు గురించి దిగులుగానే ఉంది కానీ, రేపు పొద్దున ఇంకో అరగంట పడుకోవచ్చనే ఆలోచన కూడా రాకపోలేదు.

పడుకున్నాను. లేచి కాఫీ తాగాను, అదీ వాక్యం లేకుండా. రైలెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. బండి హిందూపురం దాటగానే ఫోను మోగింది.

"రైల్లో కూర్చుంటివా?" అంది అత్త. "సీటు దొరికిందా? అయితే చదువు. ఇంటాండా."

బైబిలు తీసుకురాలేదన్నాను. రాత్రే నీ ఫోన్లో ఎక్కించినానని నా కొడుకు చెప్పినాడు అంది. మా ఆయన అంత తొందరగా పని చేయడం అంతకుముందు నేను చూడలేదు.

అసలు చిక్కు అక్కడే మొదలైంది. అత్త ఫోను పెట్టుకునేది ఆ వినపడని ఎడమ చెవికే, పైగా రైలు మోత. నేను మెల్లగా చదివితే "ఆఁ?" అంటుంది. ఆమె ఏమంటోందో నాకు వినపడాలంటే స్పీకరు పెట్టాలి. నేను అరుస్తూ చదవడం, ఆమె అక్కడి నుంచి అరుస్తూ వ్యాఖ్యానం చేయడం. చుట్టుపక్కల వాళ్లంతా మమ్మల్నే చూస్తున్నారు. నాకు సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రెండు నిమిషాల్లో ముగించేద్దామని చిన్న కీర్తన చదివాను. అయిపోయిందా అని అత్త అడిగింది. అయిపోయిందన్నాను. మరి నీ స్తోత్రం ఏది అంది. రైలు పెట్టెలో ఉన్నవాళ్లంతా నా స్తోత్రం కోసం ఎదురు చూశారు. కిటికీ పక్క సీటు దొరికినందుకు అన్నాను.

మా ఎదురు సీట్లో రోజూ వచ్చేది ఇద్దరు. ఒకామె మగ్గాల ఇంటామె. హిందూపురం దగ్గర పల్లెలో ఆమె భర్త పట్టుచీరలు నేస్తాడు, ఆమె ధర్మవరం పోయి చీరలు ఇచ్చి పట్టు తెచ్చుకుంటుంది. ఆమె మాట్లాడటం నేను అంతకుముందు విన్నది తక్కువ. రెండో ఆయన సర్వేయరు. పెనుకొండలో దిగుతాడు. భూములు కొలిచే ఉద్యోగం. పేపరు చదువుతూ, పేపరులో ఉన్న వాళ్లందరినీ పేరు పేరునా తిట్టుకుంటూ వస్తాడు.

మూడో రోజో నాలుగో రోజో ఆయన పేపరు మడిచాడు. "ఏమమ్మా, ఇది రైలా, చర్చా?" అన్నాడు.

నేను ఫోను ఆపబోయాను. ఈ లోపే అందులోంచి అత్త గొంతు వచ్చింది. "ఎవరప్పా అది? గొంతు బాగుండాది. మా కోడలికి జలుబు చేసినప్పుడు చదివేదానికి పనికొస్తాడు."

పెట్టె అంతా నవ్వింది. సర్వేయరు నవ్వలేదు కానీ పేపరు తెరవలేదు.

అప్పుడు మేము మొదలుపెట్టింది, పన్నెండు మంది కొడుకులున్న తండ్రి కథ. ఒక కొడుకంటే ఆయనకు ప్రేమ ఎక్కువ, వాడికి రంగుల చొక్కా కుట్టిస్తాడు. అన్నలు ఓర్వలేక ఆ తమ్ముణ్ణి గోతిలో తోసి, తరువాత వ్యాపారులకు అమ్మేస్తారు. ఇది బైబిల్లో ఉందని నాకు తెలుసు, ఆదివారం బడిలో బొమ్మల మీద చూశాను. కానీ చదువుతుంటే ఇంత పెద్ద కథ అని తెలియలేదు. మా పెట్టెలో అందరికీ తెలుగు సీరియళ్ల మీద మంచి పట్టు ఉంది కాబట్టి కథ ఎత్తుకోగానే అందుకున్నారు. మగ్గాల ఇంటామె చొక్కా ఏం రంగులని అడిగింది. పుస్తకంలో వివరంగా లేదన్నాను. ఆమె దిగులు పడి, అది చెప్పకపోతే ఎట్లా అంది.

సర్వేయరుకు ఇంకో బాధ. పెనుకొండ వచ్చేసరికి కథ ఎప్పుడూ మధ్యలోనే ఉంటుంది. ఆయన తలుపు దగ్గర నిలబడి, ప్లాట్‌ఫారం మీద కాలు పెట్టేదాకా చెవి ఇటే పెట్టేవాడు. మరుసటి రోజు ఎక్కగానే పేపరు కూడా తెరవకుండా, జైల్లోంచి బయటికొచ్చినాడా ఆ పిల్లోడు అని అడిగేవాడు. మధ్యలో కొండల దగ్గర సిగ్నలు పోతే అత్తకు వినపడేది కాదు. సిగ్నలు వచ్చాక ఆమెకు జరిగిందంతా చెప్పే పని సర్వేయరే పెట్టుకున్నాడు. నిజంగానే నాకు జలుబు చేసిన రోజు ఆయనే చదివాడు. పొలం హద్దులు చదివే అలవాటు కదా, తూర్పున ఫలానా, పడమర ఫలానా అన్నట్టు ఒకే గొంతుతో చదివాడు. అత్తకు మాత్రం ఒక్క ముక్క పోకుండా వినపడిందట.

ఆ గోతిలో పడ్డ తమ్ముడు పరాయి దేశంలో పెద్ద అధికారి అవుతాడు. కరువు వచ్చి, అదే అన్నలు తిండి గింజల కోసం అతని ముందుకు వచ్చి నిలబడతారు. వాళ్లు అతణ్ణి గుర్తుపట్టరు. అక్కడికి వచ్చేసరికి మా పెట్టెలో రెండు పార్టీలు అయిపోయాయి. అందర్నీ జైల్లో వెయ్యాల అని సర్వేయరు. ముసలి తండ్రి ఏమైతాడు అని మగ్గాల ఇంటామె. ఇద్దరి మీదా ఫోన్లోంచి అత్త.

"మీకు తెలీదమ్మా," అన్నాడు సర్వేయరు ఒకరోజు. "దినామూ అన్నదమ్ముల మధ్య కొలత గొలుసు పట్టుకుని నిలబడేవాణ్ణి నేను. గట్టు జానెడు జరిగితే గొంతు పట్టుకుంటారు. మా అన్నతో నేను మాట్లాడి ఎన్నేండ్లు అయిందో నాకే తెలీదు. క్షమించేది పుస్తకాల్లోనే."

ఆయన మాట ఫోను దాకా పోలేదనుకున్నాను.

"ఈ సారును నేను రోంత చూడాల," అంది అత్త.

మరుసటి రోజు ఫోను మోగలేదు. పెనుకొండ స్టేషన్‌లో బండి ఆగేసరికి, ప్లాట్‌ఫారం మీద మా అత్త. కొత్త చీర, చేతిలో ఓళిగల డబ్బా, మా వైపు బొబ్బట్లను ఓళిగలంటాం. కిటికీ కిటికీ దగ్గరా ఆగి లోపలికి తొంగి చూస్తూ వస్తోంది. నేను చెయ్యి ఊపాను. సర్వేయరు అప్పుడే దిగుతున్నాడు. ఆమె ఆయన్ను పైనుంచి కిందికి చూసి, నువ్వేనా ఆ గొంతు అంది. ఆయన అవునన్నాడు. డబ్బా ఆయన చేతిలో పెట్టింది, పట్టుకోప్పా, ఒక మాట చెప్పొస్తా అని.

చెప్పాల్సింది ఆయనకు. ఎందుకు లోపలికి ఎక్కిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మమ్మల్నందర్నీ చూసేసరికి అన్నీ మరిచిపోయిందేమో. మగ్గాల ఇంటామె లేచి చోటిచ్చింది. అత్త కూర్చుంది. నిన్న యాడ ఆపినారు అని అడిగింది. తమ్ముడు అన్నల ముందు ఇక తట్టుకోలేక, అందర్నీ బయటికి పంపి, నేనే మీ తమ్ముణ్ణి అని ఏడ్చే చోట అని చెప్పాను. అది సారుకు ఇనిపించాల గదా అని ఆమె కిటికీలోంచి బయటికి తిరిగేసరికి, సారు వెనక్కి పోతున్నాడు. అంటే బండి కదిలింది.

అత్త మెల్లగా అంది, "పొయ్యి మింద అన్నం ఉండాదే."

ఇంట్లో కాలికి కట్టుతో కూతురు. అత్త ఫోను ఇంట్లో చార్జింగులో ఉంది. అత్త కిటికీ చువ్వలు పట్టుకుని, నీళ్ల ట్యాంకు పక్క సందు, ఆకుపచ్చ తలుపు, అన్నం దించప్పా అని అరిచింది. ప్లాట్‌ఫారం మీద సర్వేయరు డబ్బాను గుండెకు ఆనించుకుని మాతోపాటు కొంతదూరం పరుగెత్తి, చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని విని, తల ఊపి ఆగిపోయాడు.

తరువాత మా ఆడబిడ్డ చెప్పింది. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు ఆకుపచ్చ తలుపు తోసుకుని లోపలికి వచ్చి, ఆమె వైపు చూడకుండా నేరుగా వంటింట్లోకి పోయాడట. చేతిలో మా అత్త డబ్బా. కట్టు కాలుతో ఆమె లేవలేదు, పరుగెత్తలేదు. దొంగా దొంగా అని అరవబోతుంటే ఆయన బయటికొచ్చి, పొయ్యి ఆర్పినాను, అడుగంటింది, మీ అమ్మ ధర్మవరం పోయింది అని చెప్పి, నీళ్ల చెంబు అందించి, తన నంబరు ఇచ్చి ఆఫీసుకు పోయాడట. ఆమె నా ఫోనుకు చేసి ఇదంతా చెప్పి, అమ్మా నువ్వు ధర్మవరం ఎందుకు పోయినావు అని అడిగింది. వాక్యం ఇనేదానికి అంది అత్త. అది అబద్ధం కూడా కాదు.

టిక్కెట్టు లేదని అత్తకు ఇంకో బెంగ. ధర్మవరంలో దిగగానే, మమ్మల్ని చూడను కూడా చూడని టిక్కెట్ల ఆయన దగ్గరికి తనే పోయి, టిక్కెట్టు లేకుండా దేవుని మాట ఇన్నాను నాయనా, ఏం చేస్తావో చెయ్యి అంది. ఆయన నా వైపు చూశాడు. కట్టాల్సింది కట్టి బయటపడ్డాము.

తిరుగు బండి సాయంత్రానికి. అప్పటిదాకా ఆమెను ఎక్కడ ఉంచను? ఆఫీసుకు తీసుకుపోయాను. మా అధికారి కఠినుడు. ఫైలు ఆలస్యమైతే కళ్లజోడు పైనుంచి చూస్తాడు, ఆ చూపుకే మాకు చెమటలు పడతాయి. అత్తను గోడ పక్క బల్ల మీద కూర్చోబెట్టి, మాట్లాడొద్దని బతిమాలాను. మాట్లాడలేదు కూడా. మధ్యాహ్నం భోజనానికి నా క్యారియరు తెరిచి ఇద్దరికీ సగం సగం పెట్టాను. అత్త కళ్లు మూసుకుని, తన అలవాటు ప్రకారం, అంటే ఎడమ చెవికి కూడా వినపడేటట్టు, ప్రార్థన మొదలుపెట్టింది. ఫ్యానుకు స్తోత్రం. రాగిముద్దకు, ఊరిబిండి పచ్చడికి స్తోత్రం. సొంత పని ఉన్నా ఎవరి కూతురికో అన్నం దించిన సారుకు స్తోత్రం. ఈ ఆఫీసులో పెద్దాయనకు స్తోత్రం, నన్ను చూసి కూడా నా కోడల్ని ఒక్క మాట అనలేదు, ఆయన తల్లి కడుపు చల్లగా ఉండాల.

మా అధికారి అప్పుడే గదిలోంచి బయటికి వచ్చాడు. ప్రార్థన జరుగుతుంటే నడవాలో, నిలబడాలో తెలియక, చేతిలో టిఫిను డబ్బాతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆమేన్ అన్నాక గొంతు సవరించుకుని, మా అమ్మ పోయి చాలా ఏండ్లయింది అన్నాడు. అత్త ఆయన్ను కూర్చోమంది. ఆయన కూర్చున్నాడు. ఊరిబిండి వేసుకున్నాడు.

ఆ సాయంత్రం బండిలో జరిగింది నేను ఎవరికీ పెద్దగా చెప్పలేదు.

మగ్గాల ఇంటామె కూడా అదే బండిలో తిరిగి వస్తోంది. అత్త పొద్దున్నుంచీ తిరిగి అలసిపోయి కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. మగ్గాల ఇంటామె కాసేపు ఆమెనే చూసింది. తరువాత నా పక్కకు వచ్చి కూర్చుని, భర్త కుడి చెయ్యి మణికట్టు దగ్గర నరం పట్టేసిందని, వేళ్లు మొద్దుబారిపోయాయని, రేపు ఆపరేషనని చెప్పింది. చెయ్యి లేకపోతే మగ్గం లేదు. మీ అత్త లేస్తే ఆయన కోసం ఒక మాట దేవునికి చెప్తాదేమో అనుకున్నా అంది. అత్త లేచేటట్టు లేదు. పెనుకొండ దగ్గర పడుతోంది.

"నాకు ప్రార్థన చేసేది రాదు," అన్నాను. "నాకు వచ్చేది చదివేదే."

"చదివినట్టే చెయ్యి తల్లీ," అంది ఆమె.

కళ్లు మూసుకున్నాను. రెండేళ్లు రోజూ చదివినా, అత్త ప్రార్థనలు అన్ని విన్నా, నా నోటికి ఒక్క మాట రాలేదు. నాకు చేతనైన భాష ఒకటే ఉంది, రోజంతా ఆఫీసులో రాసేది. అదే వచ్చింది. అయ్యా, తమరికి మనవి చేసుకునేది ఏమనగా అని మొదలుపెట్టాను. ఇందుమూలంగా అన్నాను. పైన తెలిపిన వ్యక్తి అన్నాను, పైన ఎవరినీ తెలపకపోయినా. ఆయన నేత పనివాడని, మంచివాడని, ఆ చేతికి మళ్లీ స్పర్శ రావాలని, ఈమె రోజూ ఇంత దూరం మూటతో తిరుగుతోందని, ఈమె భయం తమరు చూస్తున్నారని అన్నాను. చూస్తున్నాడని అప్పటిదాకా చదివాను, ఎంతోమందికి వినిపించాను. నిజంగా చూస్తున్నాడని, ఇప్పుడు, ఈ పెట్టెలో, ఈ శెనక్కాయ పొట్టు మధ్య కూడా చూస్తున్నాడని నాకు అప్పుడే అనిపించింది. తరువాత ఎట్లా ముగించాలో తెలియలేదు. తమ విధేయురాలు అన్నాను.

"ఆమేన్," అంది అత్త, కళ్లు తెరవకుండానే.

నిద్రపోలేదా అని అడిగాను. నిద్ర పట్టిందిలే అంది. మొహంలో నిద్ర ఆనవాలు లేదు. మగ్గాల ఇంటామె మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుని, బాగా రాసినట్టు చెప్పినావు తల్లీ, పోయి చేరుతుంది అంది.

పెనుకొండలో సర్వేయరు ప్లాట్‌ఫారం మీద ఖాళీ డబ్బాతో నిలబడి ఉన్నాడు. రెండు తిందామనుకున్నానని, ఆఫీసులో అందరూ అడిగారని, సంజాయిషీ చెప్పుకున్నాడు. అత్తను ఇంటి దాకా దిగబెట్టాడు. దారిలో ఆ ఏడ్చిన తమ్ముడి గురించి ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఆ తరువాతి ఆదివారం ఆయన అన్న ఊరికి పోయాడని. ఏం జరిగిందని పెట్టెలో అందరం అడిగాము. గట్టు గురించి మళ్లీ పోట్లాడుకున్నామన్నాడు. మరి? అన్నాము. పోట్లాడి, ఆడనే అన్నం తిన్నాను, వదిన చక్కెర లేని టీ ఇచ్చింది, ఇద్దరికీ షుగరంట అన్నాడు. ఆ ముక్కకు మా పెట్టెలో ఆ రోజు అందరూ స్తోత్రం చెప్పారు, వాళ్లలో సగంమంది చర్చి ముఖం చూడనివాళ్లే.

మగ్గాల ఇంటాయన చెయ్యి బాగానే అయింది, కానీ నెమ్మదిగా. వేళ్లకు స్పర్శ వచ్చింది. సన్నని అంచు పని ఇంకా చేయలేడు, అది ఆమె నేర్చుకుని నేస్తోంది. ఆయన పక్కన కూర్చుని తప్పులు పడతాడట. ఆపరేషన్ కంటే అదే ఎక్కువ నొప్పిగా ఉందని ఆమె అంటుంది. ఇప్పుడు ఆమె బాగా మాట్లాడుతుంది.

ఆడబిడ్డ కాలు కట్టు విప్పాక అత్త హిందూపురం వచ్చేసింది. మళ్లీ ఇంట్లోనే వాక్యం, తరువాత కాఫీ. ఆ సోమవారం రైలెక్కి ఊరికే కూర్చున్నాను. ఫోను మోగదు కదా. బండి కదిలింది. ఎదురుగా మగ్గాల ఇంటామె, సర్వేయరు, పక్క సీట్ల వాళ్లు నన్నే చూస్తున్నారు. పొద్దున్నే ఇంట్లో చదివేశానని చెప్పాను. మీ ఇంట్లో అయితే మాకేమొచ్చె అన్నాడు సర్వేయరు. దాంతో రోజుకు రెండుసార్లు చదవడం మొదలైంది. ఇంట్లో ఒక అధ్యాయం, రైల్లో ఒక అధ్యాయం, రెండూ వేర్వేరు చోట్ల. ఒక్కోసారి కలిసిపోయి, ఇంట్లో అత్త అడిగినదానికి రైల్లో సంగతి చెప్పేదాన్ని.

మొన్న వానాకాలంలో ఒక సాయంత్రం తిరుగు బండిలో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఫోను తీసి నా అంతట నేనే తెరిచాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ వినిపించాల్సిన పని లేదు. కుష్ఠు రోగం తగ్గిన పదిమందిలో ఒక్కడే వెనక్కి తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పే సంగతి వచ్చింది. మిగతా తొమ్మిదిమంది ఏమయ్యారని ప్రభువు అడుగుతాడు. ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయాను. వాళ్లు చెడ్డవాళ్లేమీ కారు, ఇంటికి పోవాలనే తొందర అయి ఉంటుంది. ఎన్నాళ్లకో పెళ్లాం బిడ్డల్ని తాకబోతున్నారు. నేనైతే ఆ తొమ్మిదిమందిలోనే ఉంటాను అనుకున్నాను. నాకు ఇచ్చినవి ఏమేమిటో, నేను వెనక్కి తిరిగి చూడనివి ఏమేమిటో ఆలోచిస్తూ పోయాను. పుట్టింటి షోకేసు, మా నాయన, గట్టిగా చదవగలవా అని అడిగిన అత్త, స్తోత్రం కోసం తల గోక్కునే మా ఆయన. ఒక్కొక్కరి కోసం ఒక్కొక్క మాట చెప్పుకున్నాను. ఈసారి ఆఫీసు భాష రాలేదు.

తల ఎత్తేసరికి బయట బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి.

హిందూపురం ఎప్పుడో దాటిపోయింది. గౌరిబిదనూరులో దిగి మా ఆయనకు ఫోను చేశాను. ఏం చేస్తా ఉంటివి అని అడిగాడు. బైబిలు చదువుతున్నానన్నాను. బస్సు ఎక్కి రమ్మంటాడనుకున్నాను. స్కూటరు వేసుకుని వచ్చాడు, వెనక అత్తను కూర్చోబెట్టుకుని. ఆమె ఎందుకు అని అడిగితే, ఏ అధ్యాయమో తెలుసుకోవాలని ఇంట్లో నిలవలేదు అన్నాడు. స్టేషను బయట ముగ్గురం టీ తాగాము. అత్తకు ఆ పదిమంది సంగతి అక్కడే నిలబడి చెప్పాను. ముగ్గురం ఒకే స్కూటరు మీద పోలేము కాబట్టి నన్నూ అత్తనూ బస్సు ఎక్కించి, మా ఆయన ఆ బస్సు వెనకే సన్నటి వానలో తడుస్తూ వచ్చాడు.